రాళ్లెక్కే చేతులకు వేలి టాటూ: ఎక్కడ వేయిస్తే నిలుస్తుంది, ఎలా కాపాడుకోవాలి

వేలి మీద టాటూ నిలుస్తుందా అని ఎవరైనా అడిగితే, ముందు ఆ వేలిని తిప్పి ఎక్కడ వేయించాలనుకుంటున్నారో చూపించమంటాను. గోరున్న వైపా, అరచేతి వైపా, రెండు వేళ్లకు మధ్య పక్కనా అన్నది తెలిస్తే సగం జవాబు దొరికినట్టే. మిగతా సగం మీరు ఎలాంటి రాయి ఎక్కుతారు, టాటూ వేయించుకున్నాక ఎన్ని వారాలు రాయికి దూరంగా ఉండగలరు అన్నదాన్ని బట్టి ఉంటుంది. నాకు వేళ్ల మీద మూడు టాటూలున్నాయి, మూడూ ఎడమ చేతికే. చూపుడువేలి పైభాగాన 2018లో వేయించిన ఒక్క అక్షరం ఇప్పటికీ నల్లగా, దూరం నుంచి చదవగలిగేలా ఉంది. నడిమివేలి పక్కన వేయించిన చిన్న త్రికోణం రెండుసార్లు మళ్లీ పొడిపించినా మసకగానే మిగిలింది. ఉంగరపు వేలి చుట్టూ వేయించిన పూర్తి గీతకి కింది సగం నాలుగు నెలల్లో పోయింది. అదే చెయ్యి, అదే నల్ల ఇంకు. తేడా అంతా చర్మంలో ఉంది, దాన్ని అర్థం చేసుకోకుండా డబ్బు పెట్టకండి.

గోరింటాకు చెప్పే సంగతి

ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న చెయ్యి గుర్తు తెచ్చుకోండి. అరచేతిలో, వేలి కొసల్లో ఎర్రగా పండుతుంది, అదే ముద్ద చేతి వెనకవైపు పెడితే లేత నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది. అరచేతి వైపు చర్మంలో పై పొర మిగతా ఒంటి మీద కంటే చాలా రెట్లు మందం, అందుకే అక్కడ రంగు అంత పడుతుంది. ఆ పై పొర రోజూ కొంచెం కొంచెం రాలిపోతూ, కింద నుంచి కొత్తది పైకి వస్తూ ఉంటుంది కాబట్టి రెండు మూడు వారాల్లో గోరింటాకు మాయమవుతుంది. టాటూ ఇంకు ఈ రాలిపోయే పొరలో ఉంటే దానికీ అదే గతి. అది ఇంకా కిందున్న రెండో పొరలో పడాలి. అక్కడ పడిన ఇంకు రేణువుల్ని ఒంట్లోని రక్షక కణాలు మింగి పట్టుకుంటాయి. ఆ కణం చచ్చిపోయినా అది వదిలిన ఇంకును పక్కన కొత్తగా వచ్చిన కణం మళ్లీ మింగేస్తుందని 2018లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో ఎలుకల మీద పరిశోధన చేసి చూపించారు. టాటూ ఏళ్ల తరబడి నిలిచేది ఇలా చేతులు మారుతూనే.

కాబట్టి ఇంకు సరైన లోతులో పడి, పుండు బాగా మానిపోయాక రాయి దాన్ని అంత తేలిగ్గా ఏమీ చేయలేదు. గరుకు గ్రానైట్ టాటూని ఇసుక కాగితంలా అరగదీసేస్తుందని క్లైంబింగ్ చేసేవాళ్లలో చాలామంది నమ్ముతారు, మొదట్లో నేనూ నమ్మాను. రాయి గీకేది పై పొరని, ఇంకు ఉండేది దాని కింద. మా అమ్మమ్మకి చేతి వెనక, వేళ్ల మీద పచ్చబొట్టు చుక్కలుండేవి, ఆమె చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చిన ఎరుకలామె పొడిచినవి. ఆ చేతులు యాభై ఏళ్లకు పైగా నాట్లు వేశాయి, కలుపు తీశాయి, రోకలి పట్టాయి, రోజూ బొగ్గుపొడితో గిన్నెలు తోమాయి. చుక్కలు పచ్చగా మారాయి, అంచులు అలుక్కుపోయి ఆవగింజంతవి మినపగింజంత అయ్యాయి, కానీ ఒక్కటీ పోలేదు. అరచేతి వైపు మాత్రం ఆమెకి ఒక్క చుక్క కూడా లేదు. మా ఊళ్లో పచ్చబొట్లున్న ఏ ముసలామె చేతిలోనూ అటువైపు నేను చూడలేదు.

అరచేతి వైపు సమస్య రాపిడి కంటే ముందు, సూది దగ్గరే మొదలవుతుంది. పై పొర అంత మందంగా ఉన్నచోట సూది కాస్త తక్కువ దిగితే ఇంకు పై పొరలోనే ఉండిపోయి కొన్ని వారాల్లో పొట్టుతో పాటు రాలిపోతుంది. ఆ భయంతో కాస్త ఎక్కువ దింపితే తడిబట్ట మీద సిరా చుక్క పడినట్టు లోపల పాకి, గీత చుట్టూ నీలంగా కమిలినట్టు కనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య దొరికే జాగా వెంట్రుకవాసి. పైగా అక్కడ చెమట ఎక్కువ, వేలు మడిచిన ప్రతిసారీ ఆ చర్మం ముడతపడుతుంది, ఇక క్లైంబర్ చేతులైతే కాయలు కాచి ఇంకా గట్టిపడి ఉంటాయి. ఎంత చెయ్యి తిరిగిన ఆర్టిస్ట్ అయినా అక్కడ గ్యారంటీ ఇవ్వలేరు.

చోటు ఎంచుకోవడం

వెలుతురులో నిలబడి మీ వేలిని పక్క నుంచి చూడండి. మన చర్మం రంగులో ఇది చాలా స్పష్టంగా తెలుస్తుంది: వేలి వెనకవైపు చామనఛాయగానో నల్లగానో ఉండి, పక్కకి వచ్చేసరికి ఒక గీత గీసినట్టు లేత రంగు మొదలవుతుంది. ఆ లేత రంగు చోట దగ్గరగా చూస్తే వేలిముద్రలాంటి సన్నటి గీతలు కూడా కనిపిస్తాయి. ఆ సరిహద్దే మీకు దారి చూపించేది. డిజైన్ మొత్తం ముదురు రంగు వైపే ఉండాలి, అంచుకి కనీసం రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆగాలి. వేయించుకునే ముందు బాల్‌పెన్‌తో ఆ సరిహద్దు మీద చుక్కలు పెట్టుకుని వెళ్లండి, ఆర్టిస్ట్‌కి చూపించండి. నా త్రికోణం సరిగ్గా ఆ సరిహద్దు మీద పడింది, ముదురు వైపు కోణం ఉంది, లేత వైపు రెండు కోణాలూ లేవు.

అన్నిటికంటే మంచి చోటు వేలి వెనకభాగంలో, పిడికిలి బిగిస్తే పైకి లేచే పెద్ద మెటికకీ నడిమి మెటికకీ మధ్య ఉండే భాగం. అక్కడ చర్మం పలచన, కదలిక తక్కువ, వెంట్రుకలు కూడా ఉంటాయి, ఇంకు బాగా కూర్చుంటుంది. నడిమి మెటికకీ గోటికీ మధ్య భాగం రెండో స్థానం, చిన్నది కాబట్టి చుక్క, అడ్డగీత లాంటివాటికి సరిపోతుంది. సరిగ్గా మెటిక మీద ఉండే ముడతల్లో వద్దు, అక్కడ ఇంకు ఒకచోట దట్టంగా, ఒకచోట ఖాళీగా మరకలు మరకలుగా మానుతుంది. పక్కలు అంటారా, మళ్లీ పొడిపించినా మసకగానే మిగలొచ్చని ముందే ఒప్పుకుంటేనే. వేలి కొసల మెత్తటి భాగం మీద అసలు వద్దు. నిలవదు సరికదా, వేలిముద్రతో పని పడే చోటల్లా ఇబ్బంది. హంపిలో మూడు రోజులు ఎక్కి వచ్చాక ఫోనే మన వేలిని గుర్తుపట్టదు, ఆధార్ వేలిముద్రకి రెండు మూడుసార్లు ప్రయత్నించాలి, దానికి తోడు అక్కడ పుండు చేసుకోవడం ఎందుకు.

ఇప్పుడు మీరు ఎక్కే తీరు. క్రింపులు, అంటే వేలి కొసలు మాత్రమే పట్టే సన్నటి రాతి అంచులు ఎక్కువగా పట్టేవాళ్లకి వేలి వెనకభాగం దాదాపు రాయిని తాకదు. ఫుల్ క్రింప్‌లో, అంటే వేళ్లు బాగా మడిచి బిగించే పట్టులో, బొటనవేలు వచ్చి చూపుడువేలి గోటి మీద ఎక్కి కూర్చుంటుంది కాబట్టి గోటి దగ్గరి చోటు మీదా, బొటనవేలి లోపలి అంచు మీదా మాత్రం ఒత్తిడి పడుతుంది. హంపిలో, హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల్లో బౌల్డరింగ్, అంటే తాడు లేకుండా చిన్న బండలు ఎక్కడం, చేసేవాళ్లు ఎక్కువగా ఈ కోవలోకే వస్తారు, వాళ్లకి వేలి వెనక టాటూ అంటే నాకు ఏ టెన్షనూ లేదు. బెంగళూరు దగ్గరి సావనదుర్గ లాంటి వాలు రాళ్ల మీద స్లాబ్ ఎక్కేవాళ్లకీ అంతే, అరచేయి అరుగుతుంది, వెనక ఏమీ కాదు. పాకెట్లు, అంటే ఒకటి రెండు వేళ్లు మాత్రమే దూరే బొరియలు పట్టేవాళ్లకి వేలి పక్కలు, నడిమి మెటిక పైభాగం ఒరుసుకుంటాయి.

క్రాక్ ఎక్కేవాళ్ల సంగతి పూర్తిగా వేరు. రాతి చీలికలో వేళ్లు దూర్చి మెలిపెట్టి ఇరికించినప్పుడు, చేతిని లోపల ఉబ్బించి బిగించినప్పుడు రాయిని ఒరుసుకునేది నేను మంచి చోటు అని చెప్పిన ఆ వేలి వెనకభాగమే. మామూలుగా గీరుకుపోతే ఏం కాదు, పై పొర పోయి మళ్లీ వస్తుంది. కానీ బాగా లోతుగా దోక్కుపోయి రక్తం కారి మచ్చ పడితే ఆ మచ్చలో ఇంకు ఉండదు, టాటూలో తెల్లటి గాటు మిగిలిపోతుంది. నాతో తాడు పంచుకునే ఒకతను ఎక్కువగా క్రాకులే ఎక్కుతాడు, నాలుగు వేళ్ల మీద నాలుగు అడ్డగీతలు వేయించుకున్నాడు, మూడేళ్లలో రెండింటికి మధ్యలో ఇలా గాట్లు పడ్డాయి. మీరు కూడా అలాగే ఎక్కేవాళ్లయితే టేప్‌తో గ్లవ్ చుట్టుకోవడం అలవాటు చేసుకోండి, లేదా టాటూని ముంజేతికి మార్చండి. నిజంగా నా సలహా రెండోదే.

టేప్ అన్నాను కాబట్టి ఇంకో మాట. వేలి మొదట్లో స్నాయువుని పట్టి ఉంచే పుల్లీ అనే పట్టీకి దెబ్బ తగిలినప్పుడో, తగలకుండా ఉండాలనో చాలామంది ఉంగరంలా టేప్ చుడతారు. ఆ టేప్ పడేది సరిగ్గా పెద్ద మెటిక, నడిమి మెటికల మధ్యనే. మానిన టాటూకి దానితో నష్టం లేదు, కానీ కొత్తగా మానుతున్న దాని మీద జిగురు టేప్ వేసి లాగితే పెచ్చుతో పాటు ఇంకూ వచ్చేస్తుంది. ఏ వేలికి మీరు తరచుగా టేప్ వేస్తారో ఆ వేలిని వదిలేసి ఇంకో వేలిని ఎంచుకోండి.

ముందు గోరింటాకుతో చూసుకోండి

డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక పరీక్ష చేయండి, నేను ఇది ఆలస్యంగా కనిపెట్టాను. ఇంట్లో నూరిన గోరింటాకుతో మీరు అనుకుంటున్న చోట్లన్నిటిలో చిన్న చుక్కలు పెట్టుకోండి, రెండు చేతులకీ. తర్వాత రెండు వారాలు ఎప్పటిలాగే ఎక్కండి, రెండు రోజులకోసారి ఒకే వెలుతురులో ఫోటో తీసుకోండి. ఏ వేలి మీద చుక్క ముందు పోతోందో, ఏ అంచు ముందు చెదురుతోందో కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: అరచేతి చుక్కని వెనకవైపు చుక్కతో పోల్చకండి, వెనకవైపు చర్మం పలచన కాబట్టి రాయి ముట్టకపోయినా అక్కడ గోరింటాకు ముందే పోతుంది. వెనకవైపు చుక్కల్ని వెనకవైపు వాటితోనే, చూపుడువేలిని ఉంగరపు వేలితో, ఎడమని కుడితో పోల్చండి. బజార్లో నిమిషాల్లో నల్లగా పండుతుందని అమ్మే కోన్లు వాడకండి, వాటిలో కలిపే జుట్టు రంగు రసాయనం వల్ల చర్మం పొక్కి, ఒక్కోసారి జీవితాంతం ఉండే ఎలర్జీ వస్తుంది.

ఉంగరం టాటూ

క్లైంబర్లలో ఎక్కువమంది అడిగేది ఇదే, దానికి కారణం కూడా ఉంది. ఉంగరం పెట్టుకుని ఎక్కకూడదు. అది రాతి అంచుకో, రాతిలో దిగగొట్టిన బోల్ట్‌కో తట్టుకుని ఒంటి బరువంతా దాని మీద పడితే వేలి చర్మాన్ని, నరాల్ని, రక్తనాళాల్ని తొడుగు లాగినట్టు ఊడదీస్తుంది, ఒక్కోసారి వేలే పోతుంది. నిశ్చితార్థం ఉంగరం ఇంట్లో పెట్టి వచ్చేవాళ్లు, జేబులో పెట్టి పోగొట్టుకునేవాళ్లు చివరికి టాటూ దగ్గరికి వస్తారు. మంచి ఆలోచనే. కానీ వేలి చుట్టూ పూర్తిగా వేయించకండి. కింది సగం అరచేతి చర్మం, పైగా హోల్డ్, అంటే చేతికి దొరికే పట్టు, పట్టినప్పుడు ఒత్తిడి పడి కాయ కాచేది కూడా ఆ మడత దగ్గరే. పైనుంచి మొదలుపెట్టి ఇందాక చెప్పిన సరిహద్దు దగ్గర రెండు వైపులా ఆపేయమనండి, చివర్లు తెగినట్టు కాకుండా సన్నబడుతూ ముగిసేలాగానో, చిన్న చుక్కతోనో వేయమనండి. చెయ్యి బల్ల మీద పెడితే పూర్తి ఉంగరంలాగే కనిపిస్తుంది.

నాకు వేసిన స్టూడియో వాళ్లు ఈ విషయం ఒక్క ముక్క చెప్పలేదు, పూర్తి ఉంగరం జీవితాంతం ఉంటుందన్నారు. నాలుగు నెలల తర్వాత వెళ్తే మీరు చేతుల్ని జాగ్రత్తగా చూసుకోలేదని నన్నే అన్నారు. ఆ మాట చాలా రోజులు బాధపెట్టింది, ఎందుకంటే నేను ఐదు వారాలు రాయి ముట్టలేదు.

ఏం వేయించాలి

లావుపాటి నల్ల గీత, చుట్టూ ఖాళీ. అంతే. వేలి మీద ఇంకు ఏళ్లు గడిచేకొద్దీ పాకుతుంది, కాబట్టి ఇవాళ గీతల మధ్య ఉన్న ఖాళీ పదేళ్లకి సగం అవుతుందనుకుని వేయించండి. వెంట్రుకలాంటి సన్నటి గీతలు మొదటి నెలలో ఫోటోకి బాగుంటాయి, తర్వాత అక్కడక్కడ తెగిపోతాయి. పసుపు, తెలుపు, లేత గులాబీ లాంటివి మన చర్మం రంగు మీద మొదటినుంచే తక్కువ కనిపిస్తాయి, వేలి మీదైతే ఇంకా ముందు మాసిపోతాయి.

తెలుగు అక్షరాలు వేయించుకోవాలనుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. మన లిపి అందం అంతా గుండ్రటి మెలికల్లో, చిన్న చిన్న తేడాల్లో ఉంది. ద, ధ మధ్య తేడా కింద ఉన్న చిన్న గీత, ధ, థ మధ్య తేడా లోపల ఉన్న చుక్క. ఇంకు పాకితే ఆ చుక్క చుట్టూ ఉన్న ఖాళీ నిండిపోతుంది, అక్షరం మారిపోతుంది. ఠ లో చుక్క పోతే ర అయిపోతుంది. ష, ఘ, ఝ లాంటివి వేలి వెడల్పులో నల్లటి ముద్దలవుతాయి, ఒత్తులున్న అక్షరాల సంగతి చెప్పక్కర్లేదు. గ, ర లాంటి లోపల ఖాళీ ఎక్కువ ఉన్న అక్షరాలు నిలుస్తాయి. నా చూపుడువేలి మీద ఉన్నది గ, నేను మొదటిసారి ఎక్కిన గుట్ట పేరులో మొదటి అక్షరం. వేలికి ఒక్క అక్షరమే, వేలి వెడల్పులో సగానికి తగ్గకుండా, తలకట్టుకీ అక్షరానికీ మధ్య ఖాళీ వదిలి వేయించండి. పేరు మొత్తం ఒక వేలి మీద ఇరికించకండి.

ఆర్టిస్ట్ దగ్గర అడగాల్సినవి

కొత్తగా వేసిన టాటూ ఫోటోలు అందరి దగ్గరా బాగుంటాయి, వాటిని చూడకండి. ఏడాది దాటిన వేలి టాటూల ఫోటోలు అడగండి, అవి లేవంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. నేను రాళ్లెక్కుతాను, కాయలున్న చేతులు అని ముందే చెప్పండి. ఒకసారి మళ్లీ పొడవడం ఆ డబ్బులోనే కలిపి ఉందో లేదో కనుక్కోండి, వేళ్లకి అది దాదాపు తప్పదు. అరచేతి వైపు వేయను అని చెప్పే ఆర్టిస్ట్‌ని నమ్మండి. కొత్త సూది ప్యాకెట్ మీ కళ్లముందు విప్పాలి, ఇంకు చిన్న మూతల్లో విడిగా పోసుకోవాలి, గ్లవ్స్ మార్చాలి. జాతరల్లో, బీచ్‌ల దగ్గర ఒకే సూదితో అందరికీ వేసేవాళ్ల దగ్గర హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి లాంటివి సోకే ప్రమాదం ఉంటుంది. టాటూ తర్వాత 12 నెలల పాటు రక్తదానం చేయకూడదని మన దేశంలో నిబంధన, క్రమం తప్పకుండా రక్తం ఇచ్చేవాళ్లు ఇచ్చి వచ్చాక వేయించుకోండి. ఆర్మీకో, కేంద్ర బలగాలకో ప్రిపేర్ అవుతున్నవాళ్లు ఒంటి మీద ఏ చోట టాటూ ఉండొచ్చో ఆ నోటిఫికేషన్‌లో చదివాకే సూది దగ్గరికి వెళ్లండి. దెబ్బ మానితే ఉబ్బెత్తు మచ్చలు పడే ఒళ్లయినా, షుగర్ ఉన్నా డాక్టర్‌ని అడగకుండా వద్దు.

ఎప్పుడు వేయించాలి

వానాకాలంలో. హంపి సీజన్ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మన దగ్గర కూడా ఎక్కడానికి బాగుండేవి ఆ నెలలే. జులై, ఆగస్టుల్లో రాయి తడిసి ఉంటుంది, ఎలాగూ బయట ఎక్కం, అప్పుడు ఐదారు వారాలు పోయినా మనసు పెద్దగా లాగదు. సీజన్ మధ్యలో వేయించుకుని, పది రోజులకి స్నేహితులు హంపి బయల్దేరితే ఆగగలిగిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. వేలికి దెబ్బ తగిలి ఎలాగూ ఖాళీగా ఉన్నాం కదా అని ఆ వేలికే వేయించుకునేవాళ్లున్నారు, అది తప్పు, వాచిన వేలి మీద గీత సరిగ్గా పడదు, రెండు దెబ్బలు ఒకదాన్నొకటి మాననివ్వవు.

మానే రోజులు

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇక్కడే, ఎందుకంటే టాటూ నిలుస్తుందా లేదా అన్నది ఎక్కువగా ఈ రోజుల్లోనే తేలిపోతుంది. మొదటి మూడు రోజులు వాపు, ఎర్రదనం, ఇంకు కలిసిన నీరు కారడం ఉంటాయి. నాలుగో రోజు నుంచి పది రోజుల దాకా పొట్టు లేస్తుంది, దురద పెడుతుంది, గోకకూడదు, పొట్టు లాగకూడదు. రెండు మూడు వారాలకి పైకి మానినట్టు కనిపిస్తుంది, కానీ చర్మం ఇంకా నిగనిగలాడుతూ, ముట్టుకుంటే పలచగా ఉంటుంది. ఆ మెరుపు పోయేదాకా లోపల మానలేదని లెక్క.

చేతులకి ఉన్న కష్టం ఏంటంటే వాటికి సెలవు ఇవ్వలేం. అందుకే అన్నం తినే చేతికి కాకుండా ఎడమ చేతికి వేయించుకోమంటాను. కుడిచేతికే కావాలంటే కనీసం పది రోజులు చెంచాతో తినండి, ఆవకాయ కలిపిన చెయ్యి, పచ్చి టాటూ ఒకచోట ఉండకూడదు. గిన్నెలు తోమే సబ్బు, బట్టలు నానబెట్టిన నీళ్లు తగలనివ్వకండి. రోజుకి రెండు మూడుసార్లు వాసన లేని సబ్బుతో, మామూలు నీళ్లతో మెల్లగా కడిగి, శుభ్రమైన గుడ్డతో అద్ది, ఆర్టిస్ట్ చెప్పిన మాయిశ్చరైజర్ పలచగా రాయండి, మందంగా రాస్తే పక్కు నానిపోయి ఊడుతుంది. పసుపు అద్దమని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, వద్దని చెప్పండి, పచ్చి పుండు మీద శుభ్రం లేని పొడి ఏదీ వేయకూడదు. ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆర్టిస్ట్‌కి ఫోన్ చేయడం కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

పట్టు జారకుండా ఎక్కేటప్పుడు చేతులకి పూసుకునే చాక్ పౌడర్ మెగ్నీషియం కార్బొనేట్, దాని పనే చర్మంలో తడి పీల్చేయడం, పచ్చి టాటూని అది ఎండబెట్టి పగలగొడుతుంది. లిక్విడ్ చాక్‌లో ఆల్కహాల్ ఉంటుంది, ఇంకా ఘోరం. చెమట పట్టకుండా చర్మాన్ని గట్టిపరిచే క్రీములు వాడేవాళ్లు పూర్తిగా మానేదాకా ఆ చేతికి ఆపేయండి. జిమ్ గోడ మీద హోల్డ్స్ వందల చేతులు పట్టుకున్నవి, పుండున్న వేలితో వాటిని పట్టుకోవడం ఇన్ఫెక్షన్‌ని పిలవడమే. నేను ఎక్కట్లేదు, బిలే మాత్రమే, అంటే ఎక్కేవాళ్ల తాడుని కింద నుంచి పట్టుకోవడం మాత్రమే చేస్తాను అంటారు కొందరు. తాడు చేతిలోంచి జారుతూ వేళ్ల పక్కల్ని ఒరుసుకుంటుంది, ఆ మట్టి తాడు ఎన్ని గుట్టలు తిరిగి వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. పైగా నొప్పి పుట్టి పట్టు వదిలేస్తే పైన ఉన్నది ఒక మనిషి.

నేను పాటించే లెక్క ఇది: మూడు వారాలు ఏమీ లేదు, కాళ్లకి, నడుముకి వ్యాయామం చేసుకుంటాను. నాలుగు, ఐదు వారాల్లో పెద్ద పెద్ద జగ్గులు, అంటే చెయ్యి నిండా దొరికే పట్లు, తేలిక రూట్లు, అవి కూడా చర్మం మెరుపు పోతేనే. క్రింపులు ఆరో వారం నుంచి. క్రాకులు ఎనిమిది వారాలకి ముందు వద్దే వద్దు. దిగాక వెంటనే చేతులు కడిగి చాక్ మొత్తం వదిలించి క్రీమ్ రాయడం ఎప్పటికీ మానకండి, టాటూకే కాదు, వేళ్ల చర్మం పగలకుండా ఉండటానికి కూడా.

ఏళ్ల తర్వాత

మానిన టాటూకి రాయి కంటే ఎండ పెద్ద శత్రువు. రోజంతా గుట్ట మీద ఉంటాం, బైక్ మీద వెళ్తాం, వేలి వెనకభాగం ఎప్పుడూ ఎండకే ఉంటుంది. సన్‌స్క్రీన్ రాస్తే పట్టు జారుతుందని క్లైంబర్లు రాయరు. దానికో పద్ధతి ఉంది: ఒక చేతి వెనకవైపు కొంచెం వేసుకుని, రెండో చేతి వెనకవైపుతో రుద్దండి, మెటికలు మెటికలకి తగిలేలా. వేలి కొసలకి ఒక్క చుక్క అంటదు. బైక్ మీద గ్లవ్స్ వేసుకోండి.

కాయల్ని ఫైల్‌తో రుద్దుకునేటప్పుడు పక్కన ఉన్న టాటూ మీదికి వెళ్లకండి. ఎక్కుతుండగా టాటూ దగ్గర చర్మం ఊడి వేలాడితే దాన్ని లాగకుండా చిన్న కత్తెరతో కత్తిరించి, కడిగి, కట్టు కట్టి ఆ రోజుకి ఆపేయండి. మళ్లీ పొడిపించుకోవాలంటే మొదటిసారి నుంచి కనీసం రెండు నెలలు ఆగండి, ప్రతిసారీ ఇంకా లోతుగా పొడిస్తే మచ్చ పడుతుంది కాబట్టి ఒకే చోట రెండుసార్లకి మించి నేనైతే ఒప్పుకోను. నా త్రికోణానికి మూడోసారి వెళ్లకుండా ఆగింది అందుకే.

ఉంగరాన్ని మాత్రం వదిలేయలేదు. ఇంకో ఆర్టిస్ట్ దగ్గరికి వెళ్లి, పోయిన కింది సగాన్ని మళ్లీ వేయమని అడగకుండా, మిగిలిన పై గీతకి రెండు చివర్లా, ముదురు రంగు చర్మం ఆగే చోటికి ఇవతల, ఒక్కో చుక్క పెట్టించుకున్నాను. ఆ తర్వాత రెండు హంపి సీజన్లు గడిచాయి, రెండు చుక్కలూ ఉన్నాయి.